చప్పుడు దేనితో తిరుగుతోంది?

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలోకి వచ్చేసింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే ఆ వాగు గట్లు తెంచుకుని సింగ్ నగర్‌నూ చుట్టుపక్కల కాలనీలనూ ముంచింది. ఆ ఒకటి రెండు రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఖమ్మంలో మున్నేరు ఊరి మీద పడింది. వరద తీశాక జనం ఇళ్లలోని బురద ఎత్తిపోసుకుని, వీధిలో ఉన్న బండ్ల వైపు తిరిగారు.

ఆ బండ్లు రెండు రకాలు. నిండా మునిగి రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయినవి కొన్ని. వాటి విషయంలో చేయాల్సిందేమిటో స్పష్టమే: లారీ మీదికెక్కించి షెడ్డుకు పంపాలి, ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి చూడాలి. చిక్కంతా రెండో రకంతోనే. మోకాలి లోతు నీళ్లలోంచి ఎలాగో బయటపడి ఇల్లు చేరిన కారు అది. మర్నాడు స్టార్టయింది, నడుస్తోంది కూడా. కానీ నిన్నటి దాకా లేని చప్పుడొకటి వస్తోంది. యజమానికి గుండె పీచుపీచుమంటుంది. ఆ కారు ట్యాక్సీ అయితే, దాని మీదే నెలనెలా కిస్తీ కడుతున్న మనిషికి ఆ భయం ఇంకా ఎక్కువ. షెడ్డుకు తీసుకుపోతే ఎంత అడుగుతారో, తీసుకుపోకపోతే ఏం విరుగుతుందోనని రెండు వైపులా సతమతం.

ఈ అధ్యాయం ఆ మనిషి కోసమే. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. చప్పుడు ఎంత పెద్దదో, ఎంత వికారంగా ఉందో చూసి భయపడకండి, ధైర్యమూ తెచ్చుకోకండి. అది దేనితో పాటు మారుతోందో గమనించండి. తడిసిన ఫ్యాన్ బెల్టు వీధంతా ఉలిక్కిపడేలా కీచుమని, పది నిమిషాల్లో ఆరి ఊరుకుంటుంది. వంగిన కనెక్టింగ్ రాడ్డు మాత్రం బోనెట్ కింద ఎక్కడో చిన్నగా టక్ టక్‌మంటూ కొన్నాళ్లు నడిపించి, ఒకరోజు విరిగి ఇంజిన్ గోడను పగలగొట్టుకుని బయటికొస్తుంది.

కారులో తిరిగేవన్నీ ఒకే వేగంతో తిరగవు. మనకు ఆధారం అదే. బండి ఆగి ఉండి ఇంజిన్ నడుస్తున్నప్పుడు క్రాంకు షాఫ్టు నిమిషానికి దాదాపు 800 సార్లు, అంటే సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టు అందులో సరిగ్గా సగం వేగంతో, సెకనుకు ఆరేడు సార్లు తిరుగుతుంది. చక్రాల లెక్క వేరు. చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది, 10 కిలోమీటర్ల వేగంలో ఒకటిన్నర చుట్టు. కాబట్టి ఖాళీ రోడ్డు మీద 10 కిలోమీటర్ల వేగంతో పోతూ చప్పుళ్లు లెక్కపెట్టండి. రెండు సెకన్లకు మూడు చొప్పున వినబడితే అది చక్రంతోనే తిరుగుతోంది. వరద నీళ్లలో టైరుకు దిగిన మేకో, గాడిలో ఇరుక్కున్న రాయో, చక్రానికి చుట్టుకున్న తీగో అయి ఉంటుంది.

అలాగే, బండి ఆపి గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ కొంచెం నొక్కండి. చప్పుడు కూడా వేగం పుంజుకుంటే మూలం ఇంజిన్ వైపు ఉంది. ఆగి ఉన్నప్పుడు ఎంత నొక్కినా నిశ్శబ్దంగా ఉండి, కదిలాకే మొదలైతే మూలం కింద ఉంది. రోడ్డు మీద పోతూ క్లచ్ నొక్కి ఇంజిన్ వేగం పడిపోనివ్వండి. అయినా చప్పుడు తగ్గకుండా బండి వేగాన్నే అంటిపెట్టుకుని ఉంటే ఇక ఇంజిన్‌ను అనుమానించనక్కర్లేదు. ఈ పరీక్షలో ఇంజిన్‌ను మాత్రం ఆపేయకూడదు. ఆపితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకుకు తోడుండే బలం పోతుంది.

ముందుగా ఇంజిన్ సంగతి చూద్దాం. ప్రమాదమంతా అక్కడే ఉంది, పైగా అది చప్పుడు రాకముందే మొదలవుతుంది.

1200 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌ను తీసుకోండి. ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు 300 ఘన సెంటీమీటర్ల గాలి లోపలికొస్తుంది. మళ్లీ పైకి వెళ్లి ఆ గాలిని దాదాపు పదో వంతు జాగాలోకి కుక్కుతుంది. లెక్క కడితే, పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పుడు దాని నెత్తిన మిగిలే చోటు 33 ఘన సెంటీమీటర్లు. డీజిల్ ఇంజిన్ గాలిని ఇంకా ఎక్కువగా నొక్కుతుంది కాబట్టి ఆ చోటు ఇంకా తక్కువ. 1500 సీసీ డీజిల్‌లో ఒక్కో సిలిండర్‌కు 25 దాకా ఉంటుందంతే. గాలి అణగడానికే పుట్టింది. నీళ్లు అణగవు. ఇంజిన్ తెచ్చిపెట్టే ఒత్తిళ్లకు నీటి పరిమాణం తగ్గడమనేది లెక్కలోకి రానంత స్వల్పం. కాబట్టి ఆ 33 ఘన సెంటీమీటర్లకు మించి నీళ్లు సిలిండర్‌లో చేరితే పిస్టన్ పైదాకా వెళ్లలేదు. చిన్న టీ గ్లాసులో సగం కూడా లేని నీళ్లవి. ఇంజిన్ ఒక్కసారి పీల్చే గాలిలో తొమ్మిదో వంతు.

వెళ్లలేని పిస్టన్‌ను వెనక నుంచి క్రాంకు తోస్తూనే ఉంటుంది. ఇద్దరి మధ్యా నలిగేది కనెక్టింగ్ రాడ్డు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇలా జరిగితే చాలాసార్లు ఇంజిన్ దభీమని ఆగిపోవడంతో సరిపోతుంది. వేగంగా తిరుగుతున్నప్పుడైతే అలా కాదు. తిరిగే ఫ్లైవీలులో దాగిన శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 800 చుట్ల దగ్గర ఉన్న శక్తికి 3,000 చుట్ల దగ్గర 14 రెట్లుంటుంది. నీళ్లలో ఇరుక్కుంటామేమోనని కంగారుపడి యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కేవాళ్లు ఆ 14 రెట్ల శక్తినీ రాడ్డు మీదికి తెచ్చిపెడుతున్నారు. పైగా ఎంత తొక్కితే ఇంజిన్ అంత గాలి పీలుస్తుంది. పూర్తిగా తొక్కి 2,000 చుట్లు తిప్పితే ఆ చిన్న ఇంజినే సెకనుకు 20 లీటర్ల దాకా పీల్చుకుంటుంది. గాలి గొట్టం మూతి రేడియేటర్ పైన ఎత్తులోనే ఉంటుంది, నిజమే. కానీ ఎదురుగా వచ్చే లారీ లేపే అల ఆ ఎత్తును క్షణంలో దాటుతుంది.

అందుకే నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదనిపిస్తుంది. సెల్ఫ్ మోటారు నెమ్మదిగానే తిప్పుతుంది కదా, ఏమవుతుందిలే అని అనుకోవచ్చు. కానీ నాలుగింటిలో ఒక సిలిండర్‌లోనే నీళ్లుండి, పొడిగా ఉన్న పక్క సిలిండర్ అంటుకుందంటే దాని బలం కూడా రాడ్డు మీదే పడుతుంది. ఇన్సూరెన్సు కంపెనీలు సాధారణంగా వరద వల్ల కలిగిన నష్టాన్నీ, ఆగిన ఇంజిన్‌ను తిప్పబోయి తెచ్చుకున్న నష్టాన్నీ వేరుగా చూస్తాయి. రెండో దానికి మామూలు పాలసీ కింద పరిహారం రావడం కష్టం. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్‌ను ఇందుకోసమే విడిగా అమ్ముతారు. మీ పాలసీలో అది ఉందో లేదో వానాకాలానికి ముందే చూసుకోవడం మంచిది.

చేయాల్సింది వేరే ఉంది. బ్యాటరీ తీగ విప్పేయండి. బండిని తోయించి గట్టుకు చేర్చి, ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి. కాగితం పొడిగా ఉంటే సగం భయం తీరినట్టే. తడిగా ఉన్నా, డబ్బా అడుగున నీళ్లు నిలిచినా ఇక బండి మెకానిక్ చేతిలోకి పోవాలి. ఆయన స్పార్కు ప్లగ్గులు విప్పి, డీజిల్ అయితే ఇంజెక్టర్లు తీసి, క్రాంకును స్పానర్‌తో చేత్తో తిప్పుతాడు. నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచి చిమ్ముతాయి. తరవాత ఆయిల్ గేజి పుల్ల తీయాలి. మట్టం గీత పైకి ఎక్కినా, ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగినా లోపలికి నీళ్లు చేరాయని అర్థం. పుల్ల మీద ఏమీ కనబడలేదని నిశ్చింతగా ఉండకూడదు. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి, రాత్రంతా నిలిచిన బండిలో అవి అడుగుకు చేరి ఉంటాయి. కింది బోల్టు వదులు చేస్తే ముందు నీళ్లే కారతాయి.

ఇక చప్పుడు. రాడ్డు విరగకుండా కొద్దిగా వంగి ఊరుకుందనుకోండి. వంగింది కాబట్టి పొడవు తగ్గింది. రెండు మిల్లీమీటర్లు తగ్గితే మన 1200 సీసీ ఇంజిన్‌లో ఆ ఒక్క సిలిండర్ నెత్తిన చోటు 33 నుంచి 41 ఘన సెంటీమీటర్లవుతుంది. 10 రెట్లు నొక్కాల్సిన గాలిని ఇప్పుడది 8.3 రెట్లే నొక్కుతుంది. ఇంజిన్ ఆగకుండానే ఆ సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా తడబడుతుంది. మెకానిక్కులు మిస్సింగ్ అనేది దీన్నే. రాడ్డు ఇంకా వంగి ఉంటే, పిస్టన్ కిందికి దిగినప్పుడు దాని అంచు క్రాంకు బరువుకు తగిలి చుట్టుకొకసారి టక్‌మంటుంది. ఈ టక్ సెకనుకు 13 సార్లు వస్తుంది. వాల్వుల చిరు టకటక అందులో సగమే ఉంటుంది. చెవితో లెక్కపెట్టలేం. అయినా ఫోనులో రికార్డు చేసి నెమ్మదిగా వినిపించుకుంటే తేడా పట్టుకోవచ్చు. మెకానిక్ ఒక్కో సిలిండర్‌కూ ఇంధనం ఆపి చూస్తాడు. ఏది ఆపినప్పుడు చప్పుడు మారుతుందో అదే దోషి. చివరగా కంప్రెషన్ గేజి పెడితే సందేహం తీరిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండి దేనికైనా, తరవాత ఎంత చక్కగా నడుస్తున్నా సరే, ఈ కంప్రెషన్ పరీక్ష చేయించాలని నేను గట్టిగా అంటాను. దాని ఖర్చు ఇంజిన్ ఖర్చులో ఏ మూలకూ రాదు.

బోనెట్ కింద వినిపించేవన్నీ ఇంత భయంకరమైనవి కావు. పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమనేది ఎక్కువగా బెల్టు. తడికి పట్టు తప్పి పుల్లీ మీద జారుతుంది, ఆరగానే మానేస్తుంది. రెండు మూడు రోజులైనా మానకపోతే బురద రేణువులు గాళ్లలో చేరి ఉంటాయి, లేదా ఆల్టర్నేటర్ బేరింగ్ తడిసి ఉంటుంది. దీనికి మెకానిక్కుల దగ్గర ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు గాళ్ల వైపు కొంచెం మంచినీళ్లు చిలకరిస్తారు. కీచు ఇంకా పెరిగితే బెల్టు వదులై జారుతోంది. కాసేపు ఆగి మళ్లీ వస్తే పుల్లీల వరస తప్పింది. ఏ మార్పూ లేకపోతే బేరింగ్‌ను చూడాలి. చున్నీ, పంచె కొంగు, విరబోసిన జుట్టు ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

చప్పుడు ఎటువైపు నుంచి వస్తోందో చెప్పడంలో మన చెవి ఇక్కడ చాలా మోసపోతుంది. ఎడమ చెవికీ కుడి చెవికీ ధ్వని చేరడంలో ఉండే తేడా సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. ఆ చిన్న తేడాతోనూ, ఒక చెవికి కొంచెం బిగ్గరగా వినబడటంతోనూ మెదడు దిక్కును పోల్చుకుంటుందని 1907లో లార్డ్ రేలీ వివరించాడు. కారు లోపల ఈ రెండు ఆధారాలూ చెడిపోతాయి. ధ్వని గాలిలో సెకనుకు 340 మీటర్లు పోతే ఉక్కులో 5,000 మీటర్లు పోతుంది. ముందు చక్రం దగ్గర పుట్టిన రొద బాడీ గుండా పాకి వెనక సీటు కింద బయటపడుతుంది. అక్కడి నుంచి అద్దాలకు తగిలి నాలుగు వైపుల నుంచీ వస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి స్టీరింగు దగ్గర కూర్చుని ‘వెనక ఎడమ చక్రంలోంచి’ అని తీర్పు చెప్పేయకండి. ఒక ప్రహరీ గోడ పక్కన అద్దం దించి నెమ్మదిగా పోనివ్వండి. గోడకు కొట్టి వచ్చే చప్పుడులో ఆ వైపు చక్రాల రొద తేటగా వినబడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు రెండో వైపు విని పోల్చుకోవచ్చు. పాతకాలపు మేస్త్రీలు పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించుకుని వినేవారు. ఇప్పుడు ఆ పనికి స్టెతస్కోపులే దొరుకుతున్నాయి. సూత్రం ఒకటే: గాలిలో కలిసిపోకముందే ధ్వనిని లోహంలోనే పట్టుకోవడం.

ఇంజిన్ వైపు ఏమీ లేదని తేలితే బండి కింద వెతకాలి. వరద తరవాత వచ్చే ఫిర్యాదుల్లో ఇక్కడి చప్పుళ్లు ఎక్కువ, వాటిలో చాలా వరకు చిన్నవి. ఇంజిన్ అడుగున ఉండే ప్లాస్టిక్ పలకను నీళ్ల తోపుడు క్లిప్పుల నుంచి ఊడదీస్తుంది. అది వేగం పెరిగేకొద్దీ టపటప కొట్టుకుంటుంది, స్పీడు బ్రేకర్ దాటితే గీరుకుంటుంది. నాలుగు క్లిప్పులతో పోయేదాన్ని ఇంకేదో అనుకుని వారం రోజులు నిద్ర మానుకునేవాళ్లున్నారు. సైలెన్సర్ పైన వేడి తగలకుండా అడ్డం పెట్టిన రేకు వదులైతే ఇంజిన్ ఒకానొక వేగం దగ్గర మాత్రమే గలగలలాడి, పైన గానీ కింద గానీ మౌనంగా ఉంటుంది. ప్రతి రేకుకూ తనదైన కంపన వేగం ఒకటుంటుంది. ఇంజిన్ అదురు దానితో కలిసినప్పుడే అది మోగుతుంది. సైలెన్సర్‌లోంచి వచ్చే బుడబుడ లోపల నిలిచిన నీళ్లది. కొంత దూరం పోయాక ఆవిరైపోతుంది. సైలెన్సర్ కన్నా ముందుండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మాత్రం వందల డిగ్రీల వేడిలో ఉండే పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని మీద చన్నీళ్లు పడి అది పగిలితే ముక్కలు లొడలొడమంటాయి. అది ఆరేది కాదు, మార్చాల్సిందే.

బ్రేకు చప్పుళ్లను జాగ్రత్తగా విడదీయాలి. డిస్కులు పోత ఇనుముతో చేస్తారు. తడిసిన ఇనుము ఒక్క రాత్రిలోనే పలచగా తుప్పు పడుతుంది. ఉదయం మొదటి కొన్ని బ్రేకులకు కరకర వినిపించి, ప్యాడ్లు ఆ పొరను గీకేశాక పోతుంది. ఇది మామూలే. బ్రేకు తొక్కకపోయినా కిరకిర ఆగకుండా వస్తుంటే డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య కంకర రాయి దూరి ఉండొచ్చు. బండిని కొంచెం వెనక్కి, మళ్లీ ముందుకు పోనిస్తే ఒక్కోసారి అదే రాలిపోతుంది. ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ పిన్నులు బురదకు బిగుసుకుపోతే చప్పుడు కన్నా ముందు వాసన, వేడి తెలుస్తాయి. కొంత దూరం నడిపి దిగి, తాకకుండానే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి చూపండి. ఒకటి మిగతావాటి కన్నా సెగలు కక్కుతుంటే అక్కడ ప్యాడు పట్టేసింది. వెనక డ్రమ్ములున్న బండ్లలో బురద లోపలే చిక్కుకుంటుంది. విప్పి కడిగితే తప్ప పోదు. తడిసిన బండికి ఆ రాత్రి హ్యాండ్ బ్రేకు వేయకండి. లైనర్లు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుని, పొద్దున కదిలించినప్పుడు టక్కుమని విడివడతాయి, ఒక్కోసారి విడివడవు కూడా. గేరులో ఉంచి చక్రాలకు రాయి అడ్డం పెడితే చాలు. అసలు నీళ్లలోంచి బయటికి రాగానే తక్కువ వేగంలో పోతూ బ్రేకును నాలుగైదు సార్లు తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకోవడం అందరికీ అలవాటు కావాలి. తడి బ్రేకు పట్టదు. ముందు వాళ్లను గుద్దాక తెలుసుకునే సంగతి కాదది.

ఇప్పుడు నాకు ఈ విషయమంతటిలోకీ ఆశ్చర్యంగా తోచే భాగానికి వద్దాం. చక్రం బేరింగ్‌లో నీళ్లు ఎలా చేరతాయి? దానికి రెండు వైపులా రబ్బరు సీళ్లుంటాయి, లోపల గ్రీజు నిండి ఉంటుంది. మామూలు వానకు, రోడ్డు మీది చిందులకు ఆ సీళ్లు బాగానే తట్టుకుంటాయి. కానీ వరదలోకి దిగే బండి అప్పటిదాకా నడిచి వచ్చిన బండి. హబ్బు వేడిగా ఉంటుంది. 70 డిగ్రీల వేడిలో ఉన్న హబ్బు 27 డిగ్రీల నీళ్లలో హఠాత్తుగా మునిగితే లోపలి గాలి చల్లబడి దాని ఒత్తిడి ఎనిమిదో వంతు పడిపోతుంది. బయటి నుంచి నీళ్లు దూసుకురావక్కర్లేదు, బేరింగే వాటిని లోపలికి పీల్చుకుంటుంది. గేరు బాక్సుకూ, వెనక యాక్సిల్ డిఫరెన్షియల్‌కూ గాలి ఆడటానికి పెట్టిన సన్నని రంధ్రాల్లోంచి కూడా ఇలాగే నీళ్లు చేరతాయి. వరద దాటిన బండికి ఇంజిన్ ఆయిల్‌తో పాటు గేరు ఆయిల్ కూడా చూడమనేది ఇందుకే. చాలామంది ఇంజిన్ ఆయిల్ మార్చి ఊరుకుంటారు.

లోపలికి చేరిన చుక్కలు ఆ రోజు ఏమీ చేయవు. గ్రీజుతో కలిసి ఉండి, బండి ఆగి ఉన్నప్పుడు బంతులు రింగును తాకే చోట్ల తుప్పు మొదలుపెడతాయి. వారాలు గడిచాక ఆ చుక్కంత తుప్పు గుంటవుతుంది. 12 బంతులున్న బేరింగ్‌లో కదలని బయటి రింగు మీద ఒక గుంట పడితే, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి దాదాపు ఐదు బంతులు దాని మీదుగా పోతాయి. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 45 చిన్న దెబ్బలు. సెకనుకు 20 దాటిన దెబ్బలను మన చెవి విడివిడిగా వినలేదు. వాటిని కలిపి ఒక రొదగా వినిపిస్తుంది. హైవే మీద ఝుమ్మంటూ మొదలై, వేగం పెరిగేకొద్దీ స్వరం ఎక్కే రొద అదే. టైర్లు అరిగినా ఇలాంటి రొద వస్తుంది, కానీ అది రోడ్డు మారితే మారుతుంది. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా ఉంటుంది. బేరింగ్‌కు రోడ్డుతో పని లేదు, దానికి బరువుతో పని. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీదికి వాలుతుంది. ఎడమ వంపులో రొద పెరిగి కుడి వంపులో తగ్గితే కుడివైపు బేరింగ్‌ను విప్పి చూడమనండి. జాకీ ఎత్తి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేత్తో సస్పెన్షన్ స్ప్రింగు పట్టుకుంటే గరగర వేళ్లకు తెలుస్తుంది.

ఈ బేరింగ్ కథ వల్ల రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, వరదకూ రొదకూ మధ్య నెలో రెండు నెలలో గడవడంతో రెండింటికీ ముడి ఎవరూ వేయరు. ఇంకొకటి, వరద దాటిన బండిని భయంతో మూలన పెట్టేయడం. ఇంజిన్, బ్రేకులు, ఆయిళ్లు బాగున్నాయని తేలాక బండిని నడపడమే మేలు. తిరిగే బంతులు గ్రీజును మళ్లీ మళ్లీ పూస్తాయి, హబ్బు వెచ్చబడి తడి తగ్గుతుంది. నెల రోజులు కదలకుండా ఉంచితే నీటిచుక్క ఒకేచోట కూర్చుని ఇనుమును తింటుంది.

చక్రం దగ్గరే ఇంకో చప్పుడుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే టక్కుటక్కుమనడం. ఇది ముందు యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింటుది. అమెరికాలో ఆల్ఫ్రెడ్ జెప్పా 1920లలో రూపొందించిన ఈ అతుకులో ఆరు ఉక్కు బంతులు గాళ్లలో దొర్లుతూ, చక్రం ఎటు తిరిగినా శక్తిని ఒకే తీరున అందిస్తాయి. దాని మీది రబ్బరు బూటు నీళ్లలో ఏ రేకు ముక్కకో కోసుకుపోతే గ్రీజు కడుక్కుపోయి ఇసుక చేరుతుంది. బూటు చిరిగిన కొత్తలోనే చూసుకుంటే బూటు, గ్రీజు మారిస్తే సరిపోతుంది. టక్కుటక్కు మొదలయ్యాక జాయింటే మార్చాలి. క్లచ్ పెడలు నొక్కినప్పుడే జుయ్యిమంటే రిలీజ్ బేరింగ్‌ది. నొక్కగానే ఆగిపోయే గరగర అయితే గేరు బాక్సులో ముందు షాఫ్టు బేరింగ్‌ది. విద్యుత్ కార్లలో ఇంజిన్ చప్పుళ్లు ఉండవు గానీ చక్రం బేరింగ్‌లు, బ్రేకులు అన్నీ ఉంటాయి. ఐపీ67 అన్న గుర్తు మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచి చేసే పరీక్షకు సంబంధించినది. అది బ్యాటరీ పెట్టె గురించి చెప్పే మాటే గానీ, బండిని వరదలో తోలమనే అనుమతి కాదు.

ఆ మాటకొస్తే ఏ బండికీ ఆ అనుమతి లేదు. టన్ను బరువున్న చిన్న కారు అడుగు వైశాల్యం సుమారు ఐదున్నర చదరపు మీటర్లు. అడుగు పలక మీద 18 సెంటీమీటర్ల నీళ్లు ఎక్కితే అది తొలగించే నీళ్ల బరువు టన్ను. లోపలికి నీళ్లు దూరేలోపే టైర్లు రోడ్డును వదిలేస్తాయి. పారే నీళ్లయితే బండి ఎటు పోవాలో ఇక డ్రైవరు చేతిలో ఉండదు. కాజ్‌వేల మీద కొట్టుకుపోయే కార్లు చాలావరకు ముందు ఇలా పట్టు తప్పినవే. ఆ లోతులో చప్పుడు సంగతి అనవసరం, దిగకపోవడమొక్కటే మార్గం.

షెడ్డుకు వెళ్లేటప్పుడు ‘ఏదో శబ్దం వస్తోంది, చూడన్నా’ అనకండి. నీళ్లు ఎంత లోతు, చక్రం సగానికా, బంపర్ పైకా. నీళ్లలో బండి ఆగిందా లేదా. ఆగాక సెల్ఫ్ కొట్టారా. చప్పుడు ఎన్నాళ్లకు మొదలైంది. ఇంజిన్‌తో పెరుగుతోందా, చక్రంతోనా, బ్రేకుతోనా, మలుపుతోనా. సెల్ఫ్ కొట్టి ఉంటే దాచకుండా చెప్పండి. ఆ ఒక్క మాట తెలిస్తే మెకానిక్ బెల్టు దగ్గర కాకుండా కంప్రెషన్ గేజితో మొదలుపెడతాడు.

వరద తరవాతి నెలల్లో పాత కారు కొనబోయేవాళ్లకు కూడా ఇదే చెవి కావాలి. మునిగిన బండ్లు శుభ్రంగా కడిగించుకుని, కొత్త సీటు కవర్లు వేసుకుని వేరే ఊళ్లలో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి. ఎవరూ కడగని ఆ చివర మట్టి చార ఉంటుంది. సీటును ముందుకూ వెనక్కీ జరిపితే పట్టాలు కిరకిరమంటాయి, కిటికీ మోటార్లు మూలుగుతాయి, తలుపుల్లోని స్పీకర్లు గరగరలాడతాయి. తరవాత హైవే మీద 60 దాటించి, రేడియో కట్టేసి, అద్దాలు మూసి, ఖాళీ చోట ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ నెమ్మదిగా వంపు తిప్పి వినండి. అమ్మేవాళ్లు ఆ సమయంలో కబుర్లు చెబుతుంటే కాసేపు ఆగమనండి.